కొండెక్కిన దీపాలు, పోయిన కరెంటు: నంద్యాల, ఆళ్ళగడ్డ సీమ చీకటి చరిత్ర

దీపం ఆరిపోయిందనడం అమంగళమని మన పూర్వులు ఆ మాటను తప్పించి "దీపం కొండెక్కింది" అన్నారు. మా నంద్యాల, ఆళ్ళగడ్డ పల్లెల్లో ముసలివారు నేటికీ అలాగే అంటారు. కరెంటు విషయంలో మాత్రం ఈ మర్యాదను ఎవరూ పాటించలేదు. "కరెంటు పోయింది" అని ఇంటిల్లిపాదీ ఒక్క గొంతుతో అరవడమే ఆచారమైంది. ఆ మాటలో ఒక సూక్ష్మం ఉన్నది. కొండెక్కిన దీపాన్ని ఇంటివారే మళ్ళీ వెలిగించుకోగలరు. పోయిన కరెంటు ఎక్కడికి పోయిందో, ఎవరు పంపితే తిరిగి వస్తుందో ఇంటివారికి తెలియదు.

ఈ మధ్య కొందరు మిత్రులు నన్నొక ప్రశ్న అడిగారు. రోజుల తరబడి కరెంటు లేకపోతే ఇంట్లో ఎటువంటి ఛార్జింగు లైటు ఉంచుకోవాలి అని. నేను తెలుగు పండితుణ్ణి, విద్యుత్ శాస్త్రం చదివినవాణ్ణి కాను. అయినా నలభై ఏళ్ళుగా ఈ సీమలో చీకట్లను చూసినవాణ్ణి కనుక నాకు తోచిన జవాబు చెప్పగలను. కాకపోతే ఆ జవాబుకు కొంత చరిత్ర కావాలి. ఓపిక గల మిత్రులు చదువగలరు.

మన శాసనాలు తిరగవేసినవారికి అఖండదీపం కొత్త మాట కాదు. దాక్షారామ భీమేశ్వరాలయం మొదలుకొని ఆంధ్రదేశంలోని అనేక ఆలయాల రాళ్ళమీద, పదకొండో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం దాకా, దీపదాన శాసనాలు కోకొల్లలు. ఈ శాసనాల్లో నన్నాకట్టుకొనే సంగతి దాతల భక్తి ఒక్కటే కాదు, వారి లెక్క కూడా. దాత ఒక కంచు దీపం చేయించి గుడిలో పెట్టి ఊరుకోడు. ఆ దీపానికి ఇన్ని ఆవులు, లేదా యాభై ఇనుపయెడ్లు ఇస్తున్నానని చెక్కిస్తాడు. ఇనుపయెడ్లు అంటే గొఱ్ఱెలని పండితులు తేల్చారు. ఆ మందను ఫలానా బోయడు చేపట్టి, రోజుకొక మానెడు నెయ్యి గుడికి కొలవాలి, అతని తరువాత అతని పుత్రపౌత్రులు కొలవాలి అని షరతు. తమిళ శాసనాల్లోనైతే ఆ గొఱ్ఱెలకు "చావనివీ ముదియనివీ" అనే విశేషణం కూడా ఉంది. గొఱ్ఱె చావదా? చస్తుంది. చచ్చినదాని బదులు పుట్టిన పిల్లను మందలో కలిపి, లెక్క తగ్గకుండా చూడాలని దాని భావం.

అంటే వెయ్యేళ్ళ క్రితపు దాతకు ఒక విషయం స్పష్టంగా తెలుసు. ప్రమిద ఎంత పెద్దదైనా ఒక రాత్రికి సరిపోతుంది. ఆ రాత్రి తరువాత దాన్ని నింపేది ఎవరు, దేనితో అన్నదే అసలు ప్రశ్న. మిత్రులు దయచేసి ఈ మాట గుర్తుంచుకోవాలి. ముందు ముందు బ్యాటరీల సంగతి వచ్చినప్పుడు మళ్ళీ దీనితో పని పడుతుంది.

గుళ్ళలో నెయ్యి వెలిగితే ఇళ్ళలో వెలిగింది ఆముదం. గోడకు దీపపు గూడు, గూట్లో మట్టి ప్రమిద, కలిగినవారి ఇంట సెమ్మె. ఆముదం దీపం వెలుగు తక్కువ గానీ నెమ్మదైనది, కళ్ళకు హాయినిచ్చేది, దాని మసితోనే కాటుక పట్టేవారు. దివ్వె, దివిటీ, కాగడా, సెమ్మె, ప్రమిద, వత్తి, చమురు: ఒక్క వెలుగు చుట్టూ ఇన్ని మాటలు కట్టుకున్న భాష మనది. పందొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాల్లో కిరసనాయిలు వచ్చి పడింది. దాదాపు అదే కాలంలో గుంటూరు, గుంతకల్లుల నడుమ మీటరు గేజీ రైలుమార్గం నంద్యాల మీదుగా పడింది. రైలు వచ్చాక డబ్బాల్లో కిరసనాయిలు కూడా రాసాగింది. ఖాళీ అయిన డబ్బా మూత కోసి, పిడి తగిలించి నీళ్ళు మోసుకోవడానికి వాడుకోవడం నా చిన్నతనం దాకా సాగింది.

1960లలో సిరివెళ్ళ దాపున ఉన్న మా పల్లెలో మూడు తరగతుల దీపాలుండేవి. సీసాకు రేకుమూత, మూతలో గుడ్డవత్తి ఉన్న బుడ్డిదీపం వంటింటికి. లాంతరు వసారాలో, చదువుకొనే పిల్లల దగ్గర. పెట్రోమాక్సు పెండ్లిండ్లకు, హరికథలకు, వీధి నాటకాలకు. సాయంత్రం కాగానే లాంతరు గ్లాసును ముగ్గుతో తుడవడం మా అమ్మ ఆడపిల్లలకు అప్పగించిన పని. చేయి పట్టని గ్లాసులో గుడ్డ దూర్చి తిప్పడంలో ఒక నేర్పు ఉండేది. గ్లాసు పగిలితే ఆ వారం ఇంట్లో చదువు సాగేది కాదు.

పెట్రోమాక్సు గురించి రెండు మాటలు. దాని వెలుగంతా మాంటిల్‌ది. ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఔవర్ ఫాన్ వెల్స్‌బాక్ 1885లో దీనికి పేటెంటు పొందాడు. తరువాత కొన్నేళ్ళకు థోరియం, సీరియం లవణాల పాళ్ళు కుదిరి తెల్లని వెలుగు వచ్చింది. బెర్లిన్‌లో 1910 ప్రాంతంలో పెట్రోమాక్సు అన్న పేరుతో అమ్మకానికి వచ్చిన దీపం పేరే మన పల్లెల్లో ఆ జాతి దీపాలన్నిటికీ స్థిరపడింది. బుడ్డిదీపం వెలుగు పది ల్యూమెన్ల చుట్టూ ఉంటుంది. బాగా తుడిచిన లాంతరుది దానికి మూడు నాలుగు రెట్లు. నేటి అయిదు వాట్ల ఎల్‌ఈడీ బల్బు నాలుగు వందల పైచిలుకు ల్యూమెన్లు ఇస్తుంది. మా తరం ఎక్కాలు, శతక పద్యాలు, బాలవ్యాకరణ సూత్రాలు నేర్చింది నేటి బల్బులో పదో వంతు కూడా లేని వెలుగులో అన్నమాట. కళ్ళజోళ్ళు ఊరికే రాలేదు!

ఇక కరెంటు. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన నాటికి మా పల్లెల్లో తీగ అన్నదే లేదు. 1957 నుంచి తుంగభద్ర జలవిద్యుత్తు రాయలసీమకు అందసాగింది. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. ఆ తరువాతి రెండు దశాబ్దాల్లో ఒక్కొక్క ఊరికీ స్తంభాలు నడిచి వచ్చాయి. మొదట ఊరి నడిబొడ్డుకు, ఆ తరువాత బావుల మోటార్లకు, చిట్టచివర హరిజనవాడలకు. ఈ వరుస ఎందుకిలా ఉందో చెప్పనక్కరలేదు.

శ్రీశైలం కథ వేరు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట మొదట కేవలం విద్యుత్తు కోసమే తలపెట్టినది. 1982లో కుడిగట్టున తొలి యూనిట్ తిరిగింది. ఏడు యూనిట్లు, ఒక్కొక్కటి 110 మెగావాట్లు, మొత్తం 770. ఆ వెలుగు కోసం నందికొట్కూరు వైపు కృష్ణాతీరపు పల్లెలు ఎన్నో మునిగాయి. సంగమేశ్వరం గుడి నేటికీ ఏటా నీళ్ళలో మునిగి, ఎండాకాలంలో నీళ్ళు తగ్గినప్పుడు పైకి తేలుతుంది. ఊళ్ళు ఖాళీ చేసి వచ్చిన కుటుంబాల పిల్లలు కొందరు తరువాతి కాలంలో నా తరగతుల్లో కూర్చున్నారు. "మా ఊరు కరెంటు కింద పోయింది సార్" అని ఒక పిల్లవాడు అన్న మాట నాకు మరపు రాలేదు. నీటి కింద అనలేదు వాడు.

ఆ కరెంటు తరచుగా పోతుండటం మాకు అలవాటే. గాలివాన వస్తే పోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే పోతుంది, వేసవిలో ఊరికే పోతుంది. నంద్యాల ఎండ ఎంతటిదో తెలిసినవారికి ఫ్యాను లేని మధ్యాహ్నం గురించి నేను వేరే చెప్పనక్కరలేదు. అయితే ఇంటి దీపం గురించి కొత్తగా ఆలోచింపజేసినవి మూడు సందర్భాలు. అవి వరుసగా 2009లో, 2012-13లో, 2013 అక్టోబరులో వచ్చాయి.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఏకమై కర్నూలు పట్టణాన్ని ముంచాయి. శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చిందని అప్పటి లెక్క. ఆనకట్ట నిండుమట్టం 885 అడుగులు కాగా నీరు దానికి మించి పదకొండు అడుగుల మేర లేచింది. కుడిగట్టు విద్యుత్ కేంద్రంలోకే నీరు చొరబడింది. మా బడి నుంచి ఉపాధ్యాయులమూ పిల్లలమూ బియ్యం, దుప్పట్లు పోగుచేసి పంపాము. పట్టుకొని వెళ్ళిన మా బావమరిది తిరిగి వచ్చి చెప్పిన మాట: "బావా, బియ్యం కంటే ముందు టార్చిలైటు అడుగుతా ఉండారు జనం." బురద నిండిన ఇంట్లో చీకట్లో అడుగుపెట్టడం ఎంత ప్రాణాంతకమో ఊహించండి. పాములు, తేళ్ళు, పగిలిన గాజు. అప్పటికే కర్నూలులో కలిగిన ఇళ్ళలో ఇన్వర్టర్లున్నాయి. కాని అవి కింది గదిలో నేలమీద ఉండేవి. తొలి గంటలోనే మునిగాయి. బరువైన వస్తువు కనుక ఎవరూ దాన్ని మేడమీదికి మోయలేకపోయారు. అటకమీద మరచిన పాత చేతిలైటు కొన్ని ఇళ్ళను కాపాడింది.

రెండోది 2012-13 నాటి కోతలు. దానికి కారణాలు ఒకటి కాదు. కృష్ణా గోదావరి లోయ గ్యాసు తగ్గి, గ్యాసు మీద ఆధారపడిన కేంద్రాలు పస్తులున్నాయి. వానలు వెనకబడి శ్రీశైలంలో నీరు లేదు. బయట కొందామంటే దక్షిణాది గ్రిడ్డు అప్పటికి దేశపు మిగతా గ్రిడ్డుతో పూర్తిగా కలవలేదు. ఆ విడితనమే 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చీకటైనప్పుడు మనల్ని కాపాడింది. ఆ విడితనం వల్లనే, కొనదలచుకున్న కరెంటు తెచ్చుకోవడానికి చాలినంత దారి లేక మనం నెలల తరబడి చీకట్లో ఉన్నాము. రాయచూరు, షోలాపూర్ లైను ద్వారా రెండూ కలిసింది 2013 డిసెంబరు 31న. మంచి చెడ్డలు ఒకే తీగమీద నడుస్తాయనడానికి ఇంతకంటె ఉదాహరణ నాకు తెలియదు.

ఆ చలికాలం, ఆ వేసవి మా పదో తరగతి పిల్లలు పడిన పాట్లు చూసినవాణ్ణి. మార్చిలో పరీక్షలు. పల్లెల్లో పగలు కోత, రాత్రి కోత. సాయంత్రం ఆరుకు పోయిన కరెంటు తొమ్మిదికి వచ్చి, పదకొండుకు మళ్ళీ పోయేది. అప్పటికి నంద్యాల దుకాణాల్లో ఎమర్జెన్సీ లైట్లు గుట్టలుగా వచ్చాయి. రెండు చిన్న ట్యూబులు, వెనక ఒక సీసపు బ్యాటరీ. ఆరు వోల్టులు, నాలుగున్నర ఆంపియర్ అవర్. రెండూ గుణిస్తే 27 వాట్-గంటలు. ఆరు వాట్ల ట్యూబులు రెండు వెలిగితే గంటకు పన్నెండు వాట్-గంటలు ఖర్చు. రెండు గంటలు దాటితే అది ఎర్రబడి మూలుగుతుంది. తిరిగి నిండడానికి ఎనిమిది, పది గంటలు కావాలి. కరెంటు వచ్చి ఉండేదే రెండు మూడు గంటలైతే అది ఏనాటికి నిండుతుంది? సగం నిండిన దాన్ని రోజూ అడుగంటా వాడటంతో మూడు నాలుగు నెలల్లో బ్యాటరీ చచ్చిపోయేది. సీసపు బ్యాటరీని ఖాళీగా ఉంచితే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్ళీ ఛార్జి పట్టదు. ఈ సంగతి పెట్టెమీద ఎవరూ అచ్చువేయలేదు. తల్లిదండ్రులు కూలి డబ్బుతో కొన్న లైటు వేసవి నడుమ పనికిరాకుండా పోతే, పిల్లవాడు మళ్ళీ కొవ్వొత్తి దగ్గరకే వచ్చాడు.

ఇక మూడోది నిజంగా దీర్ఘమైన చీకటి. 2013 అక్టోబరు 3న రాష్ట్ర విభజనకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అక్టోబరు 6 నుంచి సీమాంధ్ర విద్యుత్ ఉద్యోగులు సమ్మెకు దిగారు. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం, విజయవాడ కేంద్రం ఉత్పత్తి ఆపాయి. రైళ్ళు నిలిచాయి, ఆసుపత్రులు జనరేటర్ల మీద నడిచాయి. ఫైలిన్ తుపాను ముంచుకొస్తుండగా అక్టోబరు 10న సమ్మె ఆగింది. విభజన మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేను పోను, ఆ వాదం ఇంకెక్కడైనా చేసుకుందాం. ఆ నాలుగైదు రోజుల్లో ఇళ్ళలో ఏమైంది అన్నదే నాకు ముఖ్యం.

మొదటి రాత్రి అందరి ఇళ్ళలో ఛార్జింగు లైట్లు వెలిగాయి. ఎమర్జెన్సీ లైటు, ఇన్వర్టరు, టార్చి, సెల్‌ఫోను వెలుగు అన్నీ. అదొక పండుగలా ఉంది. పిల్లలు వీధిలో ఆడుకున్నారు. రెండో రాత్రి సగం ఇళ్ళు చీకటి. మూడో రాత్రికి వెలుగుతున్నవి మూడే రకాలు: కిరసనాయిలు దాచుకున్న ముసలమ్మల లాంతర్లు, జనరేటరు గల దుకాణాలు, మా వీధి చివర ఒక రైతు ఇంటి మీద ఏనాడో సబ్సిడీలో తెచ్చుకున్న సోలారు లాంతరు. ఇంటిమీది పలక పది వాట్లది, లోపల పన్నెండు వోల్టుల ఏడు ఆంపియర్ అవర్ బ్యాటరీ, ఏడు వాట్ల సీఎఫ్‌ఎల్ దీపం. కేంద్ర ప్రభుత్వ పథకంలో ఆ కొలతలతోనే లాంతర్లు పంచేవారు. రోజుకు మూడు, నాలుగు గంటల వెలుగు. ఆ ఇంటి వసారాలో ఆ రాత్రి వీధి పిల్లలందరూ పుస్తకాలు పట్టుకొని చేరారు. తెలుగు పండితుణ్ణి కదా, నేను కూడా చేరి సంధులు చెప్పాను. మిగిలిన ఇళ్ళలో ఉన్నవి దానికంటె ఖరీదైన లైట్లే. కాని వాటి ప్రమిద నింపే మంద లేదు.

"దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి" అన్న సామెతను మనం జాగ్రత్త కోసం చెబుతాం. ఆ వారం తరువాత నంద్యాలలో చాలామంది అక్షరాలా అదే పనికి పూనుకున్నారు. నేనూ ఒక దుకాణానికి వెళ్ళాను. ఆ యజమాని మా బడిలో చదివినవాడే.

"అయివారూ, ఎన్ని గంటలు వెలగల్ల మీకు?" అని అడిగాడు.

"గంటలు కాదు నాయనా, ఎన్ని రాత్రులు అని అడుగు" అన్నాను.

అతడు నవ్వి, "అట్లయితే లైటు కొనే ముందు దాన్ని నింపేది చూసుకోండి సార్. లైటుదేముంది, యాడైనా దొరుకుతాది" అన్నాడు. శాసనాలు చదవని ఆ కుర్రవాడు చెప్పిన మాటే దాక్షారామ రాళ్ళమీద ఉన్న మాట.

ఈ పదేళ్ళలో దీపాల శాస్త్రం మారిపోయింది. తెల్లని ఎల్‌ఈడీకి ప్రాణం నీలి ఎల్‌ఈడీ. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురలకు 2014 అక్టోబరు 7న నోబెల్ ప్రకటించారు. సరిగ్గా అయిదు రోజులకు, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను విశాఖను చీకటి చేసింది. లిథియం అయాన్ బ్యాటరీలను 1991లో సోనీ సంస్థ అంగట్లోకి తెచ్చింది. వాటికి పునాది వేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ దక్కింది. సీసపు బ్యాటరీ తాత గాస్టన్ ప్లాంటే 1859 నాటివాడు. అంటే నంద్యాల వేసవిలో మనం వాడుతున్న ఎమర్జెన్సీ లైటు గుండె, పెట్రోమాక్సు కంటె యాభై ఏళ్ళు పాతది.

లెక్కకు వద్దాం. ఒక మామూలు ఇంటికి చీకటి రాత్రి ఎంత వెలుగు కావాలి? వంటింట్లో మూడు వాట్లది మూడు గంటలు: తొమ్మిది. పిల్లల చదువుకు అయిదు వాట్లది నాలుగు గంటలు: ఇరవై. ముసలివారు రాత్రి లేస్తే కాళ్ళకు తగలకుండా అర వాటు దీపం తొమ్మిది గంటలు: నాలుగున్నర. మొత్తం 35 వాట్-గంటల లోపే. ఆశ్చర్యంగా లేదూ? పాత అరవై వాట్ల బల్బు ఒక్కటి అరగంట పైచిలుకు వెలిగితే ఇంత ఖర్చయ్యేది. ఎల్‌ఈడీ వచ్చాక అసలు చిక్కు వెలుగుది కాదు, నింపకం.

ఇరవై వాట్ల సోలారు పలకను మా నంద్యాల మేడమీద దక్షిణం వైపు వాల్చి పెడితే, మంచి ఎండ రోజున వంద వాట్-గంటల దాకా రావాలి. ధూళి, వేడి, తీగ, బ్యాటరీ నష్టాలు పోగా అరవై చేతికి వస్తాయి. రాత్రికి కావలసిన దానికంటె ఎక్కువే. కాని మన దీర్ఘ చీకట్లు ఎప్పుడు వస్తాయి? వరదలూ తుపానులూ అక్టోబరు, నవంబరుల్లో. అప్పుడు మబ్బు. పలక మూడో వంతు కూడా ఇవ్వదు. అందుకని నలభై వాట్ల పలక, మూడు రాత్రులకు చాలిన బ్యాటరీ పెట్టుకోవాలని నా అభిప్రాయం. లిథియం ఫాస్ఫేటు జాతి బ్యాటరీ పన్నెండు వోల్టులది పన్నెండు ఆంపియర్ అవర్ ఉంటే 150 వాట్-గంటలు, అందులో అయిదింట నాలుగు వంతులు భయం లేకుండా వాడవచ్చు. అంతే వెలుగు సీసపు బ్యాటరీ నుంచి రావాలంటే సగమే వాడాలి కనుక రెట్టింపు పరిమాణం కావాలి, బరువు అంతకంటె ఎక్కువ. పైగా ఎండ. పది డిగ్రీల వేడి పెరిగితే సీసపు బ్యాటరీ ఆయుష్షు సగమవుతుందని ఆ వృత్తివారు చెప్పే లెక్క. నలభై నాలుగు డిగ్రీల ఊళ్ళో, రేకుల కప్పు కింద పెట్టిన బ్యాటరీ సంగతి చెప్పేదేమున్నది?

ఇన్వర్టరు బల్బు అని ఇప్పుడు ప్రతి ఇంటా ఉంది. హోల్డరులో పెడితే మామూలు బల్బు, కరెంటు పోతే లోపలి చిన్న లిథియం ఘటం మీద మూడు, నాలుగు గంటలు వెలుగుతుంది. రోజువారీ కోతకు ఇంతకంటె సుఖమైనది లేదు. దీర్ఘ చీకటికి మాత్రం ఇది మొదటి రాత్రి దీపమే. కరెంటు తీగ నుంచి తప్ప వేరే దారిలో నిండదు కదా. అదే సెల్‌ఫోను ఛార్జరు తీగతో నిండే లైటైతే సోలారు పలక నుంచి, ట్రాక్టరు బ్యాటరీ నుంచి, స్కూటరు నుంచి, పవర్‌బ్యాంకు నుంచి ఎలాగైనా నింపవచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళాన్ని కొట్టిన తరువాత, జనరేటరు పెట్టి ఒక్కొక్క ఫోనుకు ఇంత అని తీసుకొని ఛార్జి చేసి ఇచ్చిన అంగళ్ళు వెలిశాయి. ఆ క్యూలో నిలబడటానికి సెల్‌ఫోను తీగ లైటు పనికివస్తుంది, ఇన్వర్టరు బల్బు పనికిరాదు. కొనేటప్పుడు పెట్టెమీది గంటల సంఖ్యను నమ్మకండి. బ్యాటరీ వోల్టులు, ఆంపియర్ అవర్లు గుణించి, దీపం వాట్లతో భాగించి, వచ్చినదాంట్లో నాలుగో వంతు కొట్టేయండి. అయిదో తరగతి లెక్క. పెట్టెమీద అవి రాయని లైటైతే దుకాణంలోనే వదిలివేయండి.

ఇంటికొక టార్చి వేరుగా ఉండాలి. రాత్రిపూట మోటారు వేయడానికి పొలం పోయే రైతులకు ఈ మాట నేను చెప్పనక్కరలేదు. 2004 మేలో ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం పడిన తరువాత కూడా మా సీమలో మోటారుకు కరెంటు తరచు అర్ధరాత్రే వచ్చేది. చేలగట్టు మీద ఆ చేతిలైటే రైతుకు ఆయుధం.

ఆళ్ళగడ్డ శిల్పుల సంగతి వేరే రాయదగినది. ఉలి సుత్తి కాలంలో కరెంటుతో వారికి పని లేదు. ఇప్పుడు రాయి కోయడానికి, నునుపు చేయడానికి అన్నీ కరెంటు యంత్రాలు. సమ్మె రోజుల్లో అటు వెళ్ళినప్పుడు పాత పనివారు పగటి వెలుగులో ఉలితో కూర్చుని కన్నులు దిద్దుతుంటే కుర్రవాళ్ళు యంత్రాల పక్కన ఊరికే కూర్చున్నారు. ఛార్జింగు లైటుతో ఇల్లు వెలుగుతుంది గానీ రాయి కోయదు. ఆ తేడా గమనింపదగినది.

2014లో కర్నూలు, అనంతపురం జిల్లాలు పాత కేంద్ర పంపిణీ సంస్థ నుంచి తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ పంపిణీ సంస్థలోకి వచ్చాయి. 2017లో గని, శకునాల పల్లెల భూముల్లో 1000 మెగావాట్ల సోలారు పార్కు పూర్తయింది. సుమారు ఆరు వేల ఎకరాలు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది, గని ఇప్పుడు మా జిల్లాలోనే ఉన్నది. అదే ఏడు మేలో పిన్నాపురం దగ్గర నీటిని పగలు పైకి తోడి రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే పథకానికి శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం ఎడమగట్టు యంత్రాలు కూడా ఈ విధంగా నీటిని వెనక్కు తోడగలవే. ఒక కొండంత ఛార్జింగు లైటు అనుకోండి. అయితే ఆ పార్కు పక్క పల్లెలో గాలివానకు తీగ తెగిందంటే, కనుచూపు మేరలో లక్షల పలకలు మెరుస్తున్నా ఆ ఇంట్లో దీపం ఉండదు. గ్రిడ్డు పోతే దానికి కట్టిన మేడమీది మామూలు సోలారు కూడా, తీగమీద పనిచేసే మనుషుల భద్రత కోసం, తనంతట తానే ఆగిపోతుంది. బ్యాటరీ లేకుండా ఆ పలకలు పెట్టించుకున్నవారు ఈ సంగతి అమ్మేవారిని అడిగి తెలుసుకోవాలి. "మేడమీద మూడు కిలోవాట్లు ఉన్నాయి, నాకేం" అని ధీమాగా ఉన్న మిత్రులు మా ఊళ్ళో నలుగురైనా ఉన్నారు.

మా ఇంట్లో ఇప్పుడున్నవి: మేడమీద నలభై వాట్ల పలక, దానికి కట్టిన లిథియం బ్యాటరీ ఒకటి, అటకమీద రెండు సెల్‌ఫోను తీగ లైట్లు, తలాపున ఒక టార్చి. వాడకుండా పెట్టిన బ్యాటరీ దానంతట అది కొంత దిగిపోతుంది. సీసపుదైతే పూర్తిగా నింపి ఉంచి మూడు నెలలకొకసారి మళ్ళీ నింపాలి. లిథియందైతే సగం పైన ఉంచి అప్పుడప్పుడు చూసుకుంటే చాలు. తేదీలు గుర్తుండవు కనుక మా ఇంటావిడ దానికి అమావాస్యను ముడిపెట్టింది. అమావాస్య సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టిన తరువాత అటకమీది లైట్లు దించి, వెలిగించి చూసి, తడిగుడ్డతో పలక తుడిచి వస్తుంది. లాంతరు ఒకటి ఇంకా ఉంది గానీ, రేషను దుకాణంలో కిరసనాయిలు కనుమరుగైనప్పటి నుంచి అది గూట్లో అలంకారంగా కూర్చుంది. గ్లాసు మాత్రం పగలలేదు.